నడుమ వినే బిడ్డ

పొద్దున నల్లా నీళ్ళు పట్టుకోవడం అయ్యాక నర్సవ్వ గడప పక్కన చాప వేసుకుని కొడుకుతో మాట్లాడేది. ఫోన్ కలిపి కాదు. ఫోన్ కలిపితే అవతలినుంచి సదానందం అరుపు, ఇవతలినుంచి మొగుడు ఆగయ్య అరుపు, మధ్యలో తన మాటకు సందు దొరికేది కాదు. అందుకని మెసేజ్‌లో మాట్లాడి పంపేది. ఫోన్‌ను అద్దంలా మొహం ముందు పట్టుకుని, కొంగు సర్దుకుని, మైకు బొమ్మ మీద బొటనవేలు నొక్కిపెట్టి, ముందుగా ఒక మాట అనేది.

“నడుమ వినే బిడ్డా, తిన్నవా? జర కూసో. మా పిలగానితోటి మాట్లాడుతున్న.”

ఆ తర్వాతే కొడుకు సంగతి. అన్నం దొరికిందా, దోమలున్నాయా, నెత్తికి నూనె పెట్టుకుంటున్నాడా.

అది కరోనా వచ్చిన ఏడాది ఎండాకాలం. సూరత్‌లో సాంచెలన్నీ బందయ్యాయి. కరెంటుతో నడిచే మగ్గాన్ని సిరిసిల్ల వైపు సాంచె అంటారు. ఆ సాంచెలు నడపడానికే ఆగయ్య పెళ్ళాన్నీ పసివాణ్ణీ వెంటబెట్టుకుని ఎప్పుడో సూరత్‌లోని గోడాదరా పేటకు వచ్చాడు. వచ్చిన నాటినుంచి ఆ పేట ఒక్క పూట కూడా నోరు మూసుకోగా వాళ్ళు వినలేదు. ఇప్పుడు మూసుకుంది. ఆ నిశ్శబ్దానికి మగవాళ్ళకు నిద్ర పట్టేది కాదు. పట్టపగలు మేడల మీద ఒరిగి, పిచ్చుక అరిస్తే ఇదేం చప్పుడని లేచి కూర్చునేవాళ్ళు. ఎండ వెల్లవేసిన గోడల మీదనుంచి మెల్లగా జారి సందులోకి దిగేది, మళ్ళీ మెల్లగా ఎక్కిపోయేది, ఎవరికీ ఏ తొందరా ఉండేది కాదు.

సదానందం మాత్రం ఇంటి దగ్గర లేడు. ఊళ్ళోనే ఇంకో పేట వడోద్‌లో, తాను పనిచేసే ఖాతాలోనే, అంటే సాంచెలున్న షెడ్డులోనే, తోటివాళ్ళతో చిక్కుపడిపోయాడు. ఆ వీధికి ఈ చివరా ఆ చివరా పోలీసులు వెదుళ్ళు అడ్డంగా కట్టేశారు. ఆటో ఎక్కితే కాసేపట్లో చేరే కొడుకు కాస్తా దూరదేశం పోయినట్టయ్యాడు.

ఆ రోజుల్లోనే సర్కారు ఒక సాఫ్ట్‌వేర్ పెట్టింది. జనం ఒకరికొకరు ఫోన్లలో పంపుకునే మాటల్ని దారిలో ఆపి చూడడం దాని పని. సందు మొదట్లో మొబైల్ షాపు నడిపే ఓంప్రకాష్ దాన్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. చెక్‌పోస్టు లాంటిదట. మామూలు మాటలు ఆగకుండా పోతాయట. యంత్రానికి అనుమానం వచ్చినవాటిని మాత్రం ఆ భాష తెలిసిన మనిషి వింటాడట. రోగం కాలం కాబట్టి ఆ వినేవాళ్ళను కూడా ఎవరి ఇళ్ళల్లో వాళ్ళనే కంప్యూటర్లు ఇచ్చి కూర్చోబెట్టారట. వాళ్ళు విని సరేనంటే మెసేజ్ మనకు వస్తుంది. కాదంటే జీపు వస్తుంది.

ఓంప్రకాష్ చెప్పకపోయినా జనానికి తెలిసేది. దారిలో ఎవరైనా విన్న మెసేజ్‌కు ఆ విన్నవాళ్ళ ఇంటి వాసన అంటుకుని వచ్చేది మరి. ఇందులో వింత ఏముందని ఎవరూ అనుకోలేదు. మేకల కొట్టంలోంచి వచ్చినవాడి దగ్గర మేకల కంపు రాదా? పక్క గది సమ్మక్క మెసేజ్‌లకు ఎండుచేపలు కాల్చుకు తినే మనిషి తగులుకున్నాడు. శనివారాలు ఒక్కపొద్దుండే సమ్మక్క, ఆ రోజు ఫోన్‌ను తలుపు గొళ్ళేనికి వేలాడదీసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దూరంనుంచి వినేది. పక్క సందువాళ్ళకు బీడీ పొగ వచ్చేది. ఆ బీడీ మనిషి గుండె లేనివాడు. ఊరికి పోదాం, అందరం కలిసి రోడ్డెక్కుదాం అని మెసేజ్‌లు పెట్టుకున్న ముగ్గురు పిల్లల్ని పొద్దు గుంకేలోగా జీపెక్కించాడు. వాళ్ళు ఎక్కడున్నారో వాళ్ళ తల్లులకు ఇంకా తెలియదు.

నర్సవ్వ మెసేజ్‌లకు ఇంగువ వాసన వచ్చేది. ఇంగువ, నేతిలో వేగిన కరివేపాకు, పొద్దుటిపూటైతే కాఫీ. వాటి వెనకాల సన్నగా, అప్పుడే తలంటుకున్న జుట్టు వాసన. వంట చేసేది తల్లి, వినేది కూతురు అని నర్సవ్వ మొదటి వారంలోనే తేల్చేసింది. చారులో ఇంగువ వేస్తారు కాబట్టి ఆంధ్ర దిక్కువాళ్ళు. బ్యాంకులోనో రైల్వేలోనో పనిచేసే ఇల్లు అయి ఉంటుంది. మగమనిషి వాసన ఏదీ లేదు, పాపం తండ్రి లేని పిల్లేమో.

అసలు సదానందం మెసేజ్‌లు యంత్రానికి ఎందుకు చిక్కాయంటే, వాడి గొంతువల్ల. యంత్రానికి మన మాటలు కొన్నే తెలుసు కానీ అరుపు బాగా తెలుసు. గొంతు లేచిందంటే కోపమని దాని లెక్క. సాంచెల మధ్య పనిచేసేవాడికి గొంతు లేవకుండా ఎట్లా కుదురుతుంది? పక్కవాణ్ణి అగ్గిపెట్టె అడగాలన్నా గట్టు తగాదా అంత గొంతు పెట్టాలి. సదానందం ఆ చప్పుడులోనే మాటలు నేర్చాడు. వాడు “అమ్మా, అన్నం తిన్నవా?” అని అడిగితే తెలియనివాళ్ళు కర్ర కోసం వెతుక్కునేవాళ్ళు. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. తల్లిని అన్నం తిన్నావా అని అడిగి సర్కారు కంట్లో పడ్డవాడు వాడు. అప్పటినుంచి వాడు పంపినవీ వాడికి పంపినవీ, ఆ ఇంటి ఫోన్లలో మాటలన్నీ ఆ పిల్ల చెవుల మీదుగానే నడిచాయి.

పరాయి మనిషి గడపలో నిలబడి ఉంటే పలకరించకుండా ఇంటి సంగతులు మాట్లాడుకోవడం నర్సవ్వకు చేతకాదు. అందుకే ఆ ముందు మాట. ఆగయ్య నవ్వేవాడు. సర్కారోళ్ళకు చాయ్ కూడా పోస్తావా ఏందని అడిగేవాడు.

“వినేటోళ్ళకు కడుపుండదా?” అనేది నర్సవ్వ.

ఆ పిల్లనుంచి జవాబు వచ్చేది కాదు. వినడమే తప్ప మాట్లాడే వీలు లేదట. అయినా నర్సవ్వకు ఏనాడూ గోడతో మాట్లాడినట్టు అనిపించలేదు. ఓ రోజు పులిహోర తాలింపు వచ్చింది, ఓహో ఇవాళ ఏదో పండగ చేసుకున్నారు అనుకుంది. ఓ రోజు మల్లెపూలు వచ్చాయి. ఈ లాక్‌డౌన్‌లో మల్లెపూలు ఎక్కడ దొరికాయే అని సమ్మక్కతో అబ్బురపడింది. కొడుకు గొంతు ఒక చెవిలో మోగుతుంటే, కళ్ళు మూసుకుని, చూడని ఇంట్లో గది గది తిరిగి వచ్చేది.

ఉన్నట్టుండి ఇంగువ ఆగిపోయింది. కరివేపాకు లేదు, కాఫీ లేదు. శానిటైజర్ వాసన, బ్రెడ్డు వాసన, రెండు రోజులు మడిచిపెట్టిన తడిబట్టల వాసన. ఆ తర్వాత మాడిన పాలు. ఒకసారి కాదు, రోజూ మాడిన పాలే.

“తల్లిని దవాఖానల ఏసిండ్రు,” అంది నర్సవ్వ.

సమ్మక్క ఫోన్ దగ్గరికి ముక్కు పెట్టి, ఇంకో సంగతి పట్టింది. “పాలు మాడుతుంటే ముక్కున్న మనిషైతే ఉరికొచ్చి దించదా? ఈ పిల్లకు వాసన పోయింది. గా రోగం అంటుకున్నది.”

 ఆ రోజు నర్సవ్వ కొడుక్కి పంపిన మెసేజ్‌లో కొడుకు సంగతి రెండు మాటలే. మిగతాదంతా ఆ పిల్లకే. పసుపేసి ఆవిరి పట్టు బిడ్డా, బోర్లా పండుకో, అమ్మకేం కాదు, ఒక్కదాన్నే ఉన్న అని బుగులు పడకు. వడోద్‌లో సదానందం ఆ మెసేజ్ విని, అమ్మా నీకు నేను కొడుకునా, ఆమె బిడ్డనా అని అరిచి పంపాడు. ఆ అరుపు అమ్మ దగ్గరికి పసుపు వాసనతో వచ్చింది. వేడి వేడి పసుపు ఆవిరి. నర్సవ్వ ఆ మెసేజ్‌ను మళ్ళీ మళ్ళీ పెట్టుకుని, కొడుకు ఏమంటున్నాడో వినకుండా, ముక్కుతోనే సంబరపడింది.

అట్లా ఉండగా సదానందం చెయ్యకూడని పని చేశాడు. షెడ్డులో ఉడికిపోయి, ఊరి మీద బెంగ పెట్టుకుని, మనవాళ్ళందరూ ఉన్న గ్రూపులో మెసేజ్ పెట్టాడు. ఆదివారం పొద్దున్నే అందరం పర్వత్ పాటియా చౌరస్తాకు పోదాం, మన దిక్కు రైలు ఇచ్చేదాకా కదలొద్దు, పోలీసోళ్ళు ఎంతమంది వస్తారో చూద్దాం. సాంచెలన్నీ ఒక్కసారి నడిచినట్టు అరిచాడట. పెట్టిన తర్వాత అమ్మకు ఫోన్ కలిపి తనే చెప్పాడు.

గ్రూపులో ఎవరికీ ఆ మెసేజ్ రాలేదు. ఒక్క టిక్కు దగ్గర ఆగిపోయింది.

మామూలు మెసేజ్‌లు ఆ పిల్ల దగ్గర వరసలో నిలబడి, పొద్దున పంపితే మధ్యాహ్నానికో సాయంత్రానికో వచ్చేవి. చౌరస్తా, లారీలు, పోలీసులు అన్న మాటలు అరుపులో కలిశాయంటే మాత్రం పెళ్ళి బంతిలో కొత్తల్లుడి విస్తరిలా అన్నిటికన్నా ముందుకు పోతాయి. ఇది పేటలో అందరూ కనిపెట్టిన సంగతే. కాబట్టి సదానందం మెసేజ్‌ను ఆ పిల్ల అప్పుడే విన్నది. విని, పైవాళ్ళకూ చెప్పలేదు, కిందికీ వదల్లేదు. పక్కన పెట్టుకుని కూర్చుంది.

నర్సవ్వకు అన్నం సహించలేదు. ఆ బీడీ మనిషి పట్టించిన పిల్లల తల్లులు ఎదురింటి అరుగు మీద ఎట్లా కూర్చుంటున్నారో చూస్తూనే ఉంది. కొడుక్కి పంపుతున్నట్టు ఫోన్ పట్టుకుని ఆ పిల్లనే బతిమాలింది. “బిడ్డా, మావోడు సాంచెల నడుమ పెరిగిండు. వానికి ఒర్రుడే తెలుసు, కొట్టుడు తెల్వదు. ఊరి మీద పానం కొట్టుకుంటుంది, గంతే. నీ చేతుల ఉన్నది.” ఆ తర్వాత వచ్చిన కొడుకు మెసేజ్‌లలో జవాబుగా ఏదైనా వాసన వస్తుందేమోనని చూసింది. మాడిన పాలు తప్ప ఏమీ రాలేదు. అవుననీ లేదు, కాదనీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం. ఆగయ్య, ఓంప్రకాష్, సమ్మక్క గదిలోనే ఉన్నారు. ఓంప్రకాష్ ఆగయ్య ఫోన్‌కు చార్జింగ్ సరిగ్గా ఎక్కడం లేదంటే చూడ్డానికి వచ్చాడు, సమ్మక్క ఊరికే వచ్చింది. నర్సవ్వ ఫోన్ మోగింది. పొద్దున సదానందం పంపిన మెసేజ్ అప్పుడు వచ్చింది. ఇయ్యాల కిచిడీ పెట్టిండ్రు, ఉప్పు ఎక్కువైంది అని అరుస్తున్నాడు.

ఆగయ్య దిగ్గున లేచి పొయ్యి దగ్గరికి పోయాడు. సిలిండర్ మీద చెయ్యి పెట్టి, రెగ్యులేటర్ తిప్పి చూశాడు. బాగానే ఉంది. సమ్మక్క తన గదికి పరుగెత్తి చూసుకుని వచ్చింది. అక్కడా బాగానే ఉంది. నర్సవ్వ ఒక్కతే కదలకుండా ఫోన్‌ను చూస్తూ కూర్చుంది.

గ్యాస్ వాసన ఫోన్‌లోంచి వస్తోంది.

నలుగురికీ ఒకేసారి అర్థమైంది. పాలు పొంగి మంట ఆరిపోయి ఉంటుంది. వాల్వు తెరిచే ఉంది. వాసన తెలియని పిల్ల, తలుపులేసుకుని, చెవులకు ఆ యంత్రం తగిలించుకుని, ఆ గదిలో కూర్చుని జనం మాటలు వింటోంది. ఏ స్విచ్చో వేస్తే, ఏ అగ్గిపుల్లో గీస్తే అంతే.

నర్సవ్వ మైకు బొమ్మ మీద వేలు పెట్టింది. పెట్టి ఆగింది. మామూలుగా చెబితే ఆ మాట వరసలో నిలబడి సాయంత్రానికి గానీ ఆమె చెవిన పడదు. ఆమె ఫోన్ నంబరు లేదు, పేరు తెలియదు, ఇల్లు ఎక్కడో తెలియదు. అప్పటికప్పుడు ఆమె చెవిలో పడాలంటే ఒకటే దారి. కొడుకు అరిచినట్టు అరవాలి.

ఓంప్రకాష్ ఆమె చూపు చూసి కనిపెట్టాడు. వాడు చెడ్డవాడు కాదు, సదానందంతో కలిసి పెరిగినవాడు.

“పెద్దమ్మా, గా పని చెయ్యకు,” అన్నాడు గొంతు తగ్గించి. “ఒక్క ఇంటికెల్లి రెండోసారి గట్ల ఒర్రితే మిషిన్ ఇంక ఎవ్వల కోసం ఆగది. సీదా పోలీసోళ్ళకు చెప్తది. నిన్నూ పట్టుకపోతరు, వాన్నీ పట్టుకపోతరు.” తర్వాత ఎటో చూస్తూ ఇంకో మాట అన్నాడు. “వాని మెసేజ్ ఆమె కాడనే ఉన్నది గదా. ఆమె లేకుంటే అది ఆడనే పోతది.”

ఎవరూ వాణ్ణి తిట్టలేదు. ఆగయ్య నేల చూపులు చూశాడు. నర్సవ్వ మనసు కూడా ఒక్క క్షణం ఆ మాట దగ్గర ఆగింది. ఆగలేదంటే అబద్ధం. కొడుకు అంటే అంత. ఆ క్షణంలో గ్యాస్ వాసన ఇంకొంచెం చిక్కబడ్డట్టు అనిపించింది, ఆ వెనకాల ఎక్కడో, తలంటుకుని ఎన్నాళ్ళో అయిన జుట్టు వాసన.

“పిల్ల నెత్తికి నూనె గూడ పెట్టుకుంటలేదు,” అంది నర్సవ్వ, ఎవరితోనో తెలియదు.

లేచి నిలబడింది. చీరలకు స్టోన్లు అంటిస్తూ బతికిన మనిషి, సాంచెల దగ్గరికి పోయినా ఏనాడూ గొంతెత్తని మనిషి. తిరిగొచ్చే వాసన ఇక్కడే తెలిసేలా మొగుడి ఫోన్‌కు మెసేజ్ పెట్టడానికి వేలు నొక్కి, కళ్ళు మూసుకుని, పేట పేటంతా అదిరేలా అరిచింది.

“ఆదివారం పొద్దుగాల అందరు చౌరస్తాకు రాండ్రి! పోలీసోళ్ళు ఎంతమంది వస్తరో చూద్దాం! లారీలు ఆపుదాం!” ఊపిరి పీల్చుకుంది. గొంతు తగ్గించలేదు, తగ్గిస్తే యంత్రం నమ్మదేమోనని. “బిడ్డా, నీ ఇంట్ల గ్యాస్ పోతుంది! నీకు తెలుస్తలేదు! పొయ్యి బంద్ చెయ్! సిలిండర్ బంద్ చెయ్! కిటికీలు తెరువు! లైటు ముట్టకు, ఫ్యాను ముట్టకు! బయటికి పో బిడ్డా!”

వేలు తీసింది. మేడల మీద పడుకున్న మగవాళ్ళు పిట్టగోడల దగ్గరికి వచ్చి చూస్తున్నారు. సాంచెలు ఆగిపోయాక గోడాదరాలో అంత చప్పుడు అదే.

ఆగయ్య ఫోన్ చాప మీద ఉంది. నలుగురూ దాని చుట్టూ కూర్చున్నారు. నర్సవ్వ ఫోన్‌లో ఒక్క టిక్కు. గోడ మీద ఎండ కదలడం మానేసినట్టు అనిపించింది. సమ్మక్క పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తోందో ఏమో. ఒక్క టిక్కే. ఓంప్రకాష్ ఏడుపు మొహం పెట్టుకుని, తన మాట తానే మింగలేక కక్కలేక, గోళ్ళు చూసుకుంటున్నాడు. నీళ్ళు తాగుదామని నర్సవ్వ చెంబు అందుకుంది కానీ తాగడం మరచిపోయింది.

ఆగయ్య ఫోన్ మోగింది.

నర్సవ్వ అరుపు గదిలో మళ్ళీ మొదలైంది. ఎవరూ ఆ మాటలు వినలేదు. నలుగురూ వంగి వాసన చూశారు. మొదట గ్యాస్. ఆ తర్వాత తెరిచిన కిటికీలోంచి పడే ఎండ వాసన, బాల్కనీలో పావురాల రెట్ట, ఎక్కడో మెత్తబడుతున్న తారు రోడ్డు, ఆ వెనకాల చల్లగా, సూరత్ పక్కనే పారే తాపీ నది బురద. గ్యాస్ పల్చబడి పల్చబడి ఆ గాలిలో కలిసిపోయింది.

“తెరిచింది,” అంది సమ్మక్క.

నర్సవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంతోషానికి కొంత, కొడుకు కోసం కొంత. ఏది ఎంతో ఆమెకే తెలియదు.

పొద్దు వాలకముందే జీపు వచ్చి సందు మొదట్లో ఆగింది. మాస్కు వేసుకున్న ఇన్‌స్పెక్టరు, ఆయన వెనక ఒక ఆడ కానిస్టేబులు. నర్సవ్వ ఎవరని అడిగారు. నేనే సాబ్ అని ఆమె గడపలోకి వచ్చింది. చెప్పులు వేసుకుని, ముసుగులా కొంగు కప్పుకుని, పోవడానికి సిద్ధంగానే ఉంది. కిచిడీలో ఉప్పు ఎక్కువైందన్న కొడుకు గొంతు ఒక్కసారి విని పోదామని మాత్రం ఉంది.

ఇన్‌స్పెక్టరు హిందీలో మాట్లాడాడు. సూరత్ ఆమెకు ఆపాటి హిందీ ఎప్పుడో నేర్పింది. నీ కొడుకు కోసం వడోద్‌లో ఇంకో జీపు నిలబడి ఉంది, నా ఫోన్ కోసం చూస్తోంది అన్నాడాయన. అయితే చిన్న చిక్కు వచ్చిపడిందన్నాడు. మీ మెసేజ్‌లలో ఏముందో మాకు తెలుగు రాదు కాబట్టి విన్న అమ్మాయినే ఫోన్‌లో అడిగాం. ఆ అమ్మాయి ఏమంటుందంటే, అరిచింది మా అమ్మ అంటుంది. ఆ అబ్బాయి మా తమ్ముడు, ఊరికి పోవాలని పేచీ పెడుతుంటే అమ్మ వాడి మాటల్నే వాడికి అప్పజెప్పి తిడుతోంది, మధ్యలో నా ఇంట్లో గ్యాస్ సంగతి చెప్పింది, మా ఇంట్లో అందరం ఇట్లాగే మాట్లాడతాం అంటుంది.

నర్సవ్వ కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

సొంతవాళ్ళ మాటలు వినకూడదని ఆ ఉద్యోగానికి నియమం ఉందని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. నిజంగా కూతురైతే ఈ పూటతో ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది. కూతురు కాకపోతే సర్కారుకు అబద్ధం చెప్పినట్టు. అప్పుడు ఆమె మీదా కేసు, మీ మీదా కేసు.

“మాసీ, సచ్ బోలో,” అని నిజం చెప్పమన్నాడు. “ఆమె నీ కూతురేనా?”

 పిట్టగోడల మీద మనుషులు, అరుగు మీద ఆ ముగ్గురు తల్లులు, అందరూ నర్సవ్వనే చూస్తున్నారు. తల్లి దవాఖానాలో ఉండి, ఒంట్లో రోగం పెట్టుకుని, ఒంటరిగా ఉన్న పిల్ల, ఉన్న ఒక్క ఉద్యోగాన్నీ తీసి తన కొడుకు కోసం గడపలో పెట్టి పోయింది. కాదనడానికి తానెవరు?

“అవ్ సాబ్,” అంది నర్సవ్వ. “మా పెద్దబిడ్డ.”

ఆగయ్యకు సగం వినపడింది, సగం అర్థమైంది. మొగుడిగా తానూ ఒక మాట అనాలి కదా అని ముందుకు వచ్చి, “పెద్దబిడ్డనే సాబ్! సానా మంచిది!” అన్నాడు. సాంచెల మధ్య అన్నట్టే అన్నాడు. ఆడ కానిస్టేబులు ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేసింది. మేడ మీదివాళ్ళు కూడా ఊరుకోలేదు. అవును సాబ్, పెద్దపిల్లే, మేమెరుగుదుం అని అక్కడినుంచి తలా ఒకటి అరిచారు. వాళ్ళు మర్యాదగా చెబుతున్నారో, కొట్టడానికి దిగుతున్నారో ఇన్‌స్పెక్టరుకు తేలలేదు. ఈ పేటలో ఎవరూ మెల్లగా మాట్లాడరా అని ఓంప్రకాష్‌ను అడిగాడు. ఆప్తులతో మాట్లాడేటప్పుడు ఇంకా గట్టిగా మాట్లాడతారు సాబ్ అని వాడు చెప్పాడు.

ఆయన ఒకసారి నర్సవ్వ వైపు, ఒకసారి మేడల వైపు చూశాడు. నమ్మాడో, అలసిపోయాడో, మాస్కు వెనక మొహం ఏం తెలుస్తుంది? జేబులోంచి ఫోన్ తీసి వడోద్‌లో ఉన్న జీపును వెనక్కి వచ్చెయ్యమన్నాడు. ఇంటి గొడవ, ఇంకేం లేదు అన్నాడు.

నర్సవ్వ చెప్పులు విడిచి గడప మీద కూర్చుంది. కొడుకు మిగిలాడు. ఆ మాట ఒళ్ళంతా పాకడానికి కొంచెం సేపు పట్టింది. అరుగు మీది తల్లుల్లో ఒకామె మొహం తిప్పుకుంది. ఆమెను చూసి నర్సవ్వ తన సంతోషాన్ని పైకి రానివ్వలేదు.

ఇన్‌స్పెక్టరు జీపు వైపు నడుస్తూ, ఆ అమ్మాయి ఇంటికి పోయి సర్కారు కంప్యూటర్ వెనక్కి తెచ్చుకోవాలని కానిస్టేబులుతో అంటున్నాడు. నర్సవ్వ చప్పున లేచింది.

“సాబ్, జర ఆగుండ్రి.”

లోపల పొద్దున వండిన అన్నం ఉంది. దాన్ని నీళ్ళు పోసి మెత్తగా కాచి, మిరియాలు దంచి చారు మరిగించి, డబ్బాలో సర్దేసరికి జీపు హారను రెండుసార్లు మోగింది. డబ్బాకు చేతిరుమాలు చుట్టి, పరుగున పోయి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టింది. ఆయన వద్దనబోయాడు. తల్లి కూతురికి పంపే అన్నాన్ని ఏ చట్టం కింద ఆపాలో తోచక, తీసుకుని తన పక్క సీటు మీద పెట్టుకున్నాడు.

“ఏమన్నా చెప్పాలా?” అని అడిగాడు.

చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఇకమీదట కొడుకు మెసేజ్‌లకు ఏ వాసన వస్తుందో, ఎవరు వింటారో, అసలు ఆ పిల్ల పేరేమిటో. నర్సవ్వ జీపు కిటికీ పట్టుకుని నిలబడింది.

“దానికి రుచి తెల్వది సాబ్,” అంది. “నాలుకకు తెల్వకున్నా కడుపుకు తెలుస్తది, తినమనుండ్రి.”